డ్యాష్‌బోర్డు మీద పైపు ముక్క

మా అబ్బాయి కారులో వేడి చూపించే ముల్లు లేదు. జపానులో ఎవరో వాడి వదిలేస్తే ఓడెక్కి రంగూను వచ్చిన చిన్న తెల్ల కారు అది. ఇంజను చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరి వేడెక్కితే ఎర్ర దీపం. మధ్యలో ఏమీ లేదు. ఒళ్ళు కాలుతున్నప్పుడు నోరు మెదపకుండా, ప్రాణం పోయే ముందు మాత్రం తల అడ్డంగా ఊపే వైద్యుడి లాంటిది ఆ ఎర్ర దీపం.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, పజుండౌంగ్ వాగు మీది వంతెన ఎక్కుతుండగా ఆ దీపం వెలిగింది. మావాడు బండి ఆపక తప్పలేదు. సైన్యం పాలన వచ్చాక వంతెన మీద బండి ఆపకూడదు. అందరికీ తెలుసు. ఆ చివర కాపలా ఉన్న సైనికులు తుపాకులు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. వాడిని పిట్టగోడకు ఆనించి నిలబెట్టారు. గుర్తింపు కార్డు అడిగారు, వయసు అడిగారు, ఇక్కడే ఎందుకు ఆపావని మళ్ళీ మళ్ళీ అడిగారు. అదృష్టం కొద్దీ బోనెట్ సందుల్లోంచి ఆవిరి బుసబుసలాడుతూ వస్తోంది కనుక నమ్మారు. వాడు ఇంటికొచ్చి మొహం కడుక్కుంటూ ఈ సంగతి చెబితే, వాళ్ళమ్మ వింటూ వింటూ వెళ్ళి వీధి తలుపు గడియ పెట్టింది.

ఈ ఊళ్ళో ఇప్పుడు ఆ వయసు మగవాడు రోడ్డు పక్కన ఊరికే నిలబడకూడదు. పట్టుకుపోయి సైన్యంలో వేసే వయసు వాడిది. ఆ వయసు దాటడానికి మావాడికి ఇంకొంత కాలం ఉంది. అంతవరకు ఎవరి కంటా పడకుండా తిరగాలి. టాక్సీ తోలేవాడు ఎవరి కంటా పడకుండా ఎలా తిరుగుతాడు? నాకు తెలియదు. బండి దారిలో ఆగకుండా ఉంటే కొంత నయం. నాకు తోచింది అంతే. ముల్లు ఉన్న మీటరు పెడితే, ఇంజను మరిగేలోపే తెలుస్తుంది. ఎక్కడో నీడన, ఎవరూ లేని చోట ఆపుకుని చల్లార్చుకోవచ్చు.

మీటరు వాడే కొనుక్కొచ్చాడు. గుండ్రంగా, మా ఇంట్లో పచ్చడి గిన్నె మూత అంత ఉంది. దానితో పాటు మూడు తీగలు, రేడియేటరు గొట్టంలో బిగించడానికి ఒక ఇత్తడి ముక్క. పెట్టెలోని కాగితం ఇంగ్లీషులో ఉంది. నేను తెలుగు అక్షరాలు దిద్దిందే అరవై దాటాక, గుడి వెనక గదిలో పిల్లల బల్ల ముందు కూర్చుని. ఇంగ్లీషు జోలికి పోలేదు. బొమ్మ చూసి బిగించాను.

బిగించడం పెద్ద పని కాలేదు. మీటరు ఎక్కడ కూర్చోవాలన్నదే చిక్కు. ఆ కారు డ్యాష్‌బోర్డు అంతా వంపులే. బల్లపరుపుగా ఉన్న చోటు అరచేయంత కూడా లేదు. దుకాణంలో దొరికే గూళ్ళన్నీ పెద్ద కార్లకు చేసినవి. ఎందుకు, నేనే చేస్తానన్నాను. నేను నలభై ఏళ్ళ పాటు పజుండౌంగ్‌లో, బోటాటౌంగ్‌లో మేడలకు నీటి గొట్టాలు వేసినవాణ్ణి. మా తాత తెలుగుదేశం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి సేక్కాన్ రేవులో బస్తాలు మోశాడు, మా నాన్నా మోశాడు, నేను మాత్రం పైపులు మోశాను. మా మంచం కింద ఇప్పటికీ పైపు ముక్కలే. నా కంటికి పైపంటే నీళ్ళు. అది ఇంకెవరి కంటికైనా ఇంకోలా కనబడుతుందన్న ఆలోచన నాకు రాలేదు.

రెండంగుళాల ప్లాస్టిక్ పైపు మలుపు ముక్క, మేము ఎల్బో అంటాం, అందులో మీటరు దాదాపు పట్టింది. కొద్దిగా బిగువుగా ఉంటే పొయ్యి సెగకు అటూ ఇటూ తిప్పి మెత్తబరిచి, మీటరును లోపలికి నొక్కాను. అంచు బయటికి నిలిచింది. కొలిచి పోసినట్టు కుదిరింది. ఇక అడుగుభాగం డ్యాష్‌బోర్డు వంపుకు అతకాలి. దానికొక పద్ధతుంది. డ్యాష్‌బోర్డు మీద గరుకు కాగితం పరిచి, గరుకు వైపు పైకి ఉంచి, ఆ పైపు ముక్కను దాని మీదే రుద్దుతూ పోవాలి. కొలతలు అక్కర్లేదు. వంపు తనంతట తనే పైపులోకి దిగుతుంది. ఓపిక ఉంటే చాలు. రుద్దాక నల్లరంగు వేశాను. కరెంటు లేని పూట కావడంతో తీగలకు సీసం అతుకు వేయలేక, చేత్తో మెలిపెట్టి నల్ల టేపు చుట్టాను. ఎండకు అడుగున జిగురు కరిగిపోతుందని పైపు చుట్టూ కూడా రెండు చుట్లు అదే టేపు బిగించాను. చూసుకుంటే ముచ్చటేసింది.

అప్పుడొచ్చింది మా ఆవిడ.

"ఇదేటయ్యా, బండిలోన కుళాయి ముక్కెట్టినావు?"

"కుళాయి కాదు. మీటరుకి గూడు."

"గూడైతే లోపలేటుంటాది?"

"ఏటుంటాది, గాలుంటాది."

"కాళీగా ఒగ్గేస్తావేటి? బుద్దుందా?"

మావాళ్ళలో ఒక అలవాటుంది. ఇంట్లోకి కొత్త వస్తువేదైనా వస్తే, అందులో బోలుగా ఉన్న చోట అమ్మవారి గుడి పసుపు, విభూతి, చిన్న కర్పూరం బిళ్ళ కలిపి కట్టిన పొట్లం పెట్టాలి. లేకపోతే ఆ ఖాళీలో చెడ్డది చేరుతుందంటారు. రేవులో మా తాతల తోపుడుబండ్ల ఇరుసుల్లో కూడా పెట్టేవారట. ఆవిడ పొట్లం తెచ్చింది. నేను విసుక్కున్నాను గానీ కాదనలేదు. మీటరు వెనక తీగల మధ్య ఇరికించి, మూసేసి, డ్యాష్‌బోర్డుకు అతికించేశాను. ఆ మరునాటికే పొట్లం మాట మరిచిపోయాను.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. మావాడు ఇంటికొచ్చి "ఎనబై దాటలేదు నాన్నా" అని చెబుతుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

ఒక రోజు పొద్దున్న బోటాటౌంగ్‌లో ఒక మేడ మీద నీళ్ళ ట్యాంకు చూసి రావాల్సి వచ్చి వాడి పక్కన కూర్చుని వెళ్ళాను. నది పక్క రోడ్డులో తనిఖీ ఉంది. ఇసుక బస్తాలు, సిమెంటు దిమ్మెలు, అడ్డంగా వెదురు గెడ. అది మాకు కొత్త కాదు. అద్దాలు దించుతాం, కార్డులు చూపిస్తాం, డిక్కీ తెరుస్తాం, నోరు మూసుకుంటాం. మా వంతు వచ్చింది. ఒక కుర్ర సైనికుడు వంగి లోపలికి చూశాడు. కార్డుల కోసం చెయ్యి చాచినవాడు చాచినట్టే ఆగిపోయాడు. అతని చూపు డ్యాష్‌బోర్డు మీద ఉంది. ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ అడుగు చూశాకే నేను నా చేతిపనిని మొదటిసారి చూశాను. నల్లటి పైపు. చుట్టూ నల్ల టేపు. లోపల్నించి వచ్చి ఇంజను వైపు పోతున్న తీగలు. ఈ ఊళ్ళో ఆ ఆకారంలో ఉన్నవి ఎక్కడెక్కడ పేలాయో, వాటి వల్ల ఎంతమంది పోయారో మాకు తెలియనిది కాదు. రోజూ వింటున్నదే. కానీ అది వేరు, నా పైపు వేరు అనుకున్నాను.

"దా బాలె?" అని అరిచాడు. ఇదేమిటని.

పుట్టిన దగ్గర నుంచి బర్మా భాష మధ్యే పెరిగిన మావాడికి ఆ పూట బర్మా మాట ఒక్కటి దొరకలేదు. సైనికుడి తుపాకీ పైకి లేచింది. వేలు మీట మీద పెట్టి ఇంకో అడుగు వెనక్కి వేశాడు. తుపాకీ ఉన్నవాడు ధైర్యంగా ఉంటే మనకు కొంత నయం. భయపడితే మాత్రం మన ప్రాణం అతని వేలి మీద ఉన్నట్టే. నేను చాలాసార్లు భయపడ్డాను గానీ, ఎదుటివాడి భయానికి అంతగా భయపడింది అదే మొదలు.

మమ్మల్ని దింపారు. మా వెనక కార్లు ఒకదాని మీద ఒకటి హారన్ కొట్టుకుంటూ వెనక్కి పోతున్నాయి. మావాణ్ణి రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, చేతులు తల వెనక పెట్టించారు. ఇసుక బస్తాల వెనక నుంచి కిళ్ళీ నములుతూ ఒక పెద్ద వయసు సైనికుడు వచ్చాడు. కారు దగ్గరికి రాకుండా దూరం నుంచే చూశాడు.

"ఎవరు పెట్టారు?"

"నేనే అయ్యా. ఇంజను వేడి చూసే మీటరు. గూడు నేనే చేశాను."

"అయితే నువ్వే తియ్యి."

వాళ్ళందరూ బస్తాల వెనక్కి పోయారు. నేనొక్కణ్ణే కారులోకి వంగాను. అందులో బాంబు లేదని నాకు తెలుసు. నేను చేసిందే కదా. అయినా దాని మీద చెయ్యి వేయబోయి ఒకసారి వెనక్కి తీసుకున్నాను. అంతమంది దాన్ని చూసి దాక్కుంటే, నా మీద నాకే నమ్మకం పోయింది. నెమ్మదిగా తీయాల్సింది. చేతులు ఆగక గట్టిగా లాగాను. జిగురు చిరుగుతూ పైపు ఊడి వచ్చింది, తీగలు పటపట తెగాయి, అడుగు నుంచి ఏదో జారి కారులో కాళ్ళ కింది చాప మీద పడింది. పొట్లం. కాగితం విప్పుకుని పసుప్పచ్చ పొడి చాపంతా పరుచుకుంది. గుప్పుమని కర్పూరం వాసన.

పైపులో పసుప్పచ్చ పొడి. ఘాటైన వాసన. బస్తాల వెనక ఎవడో గావుకేక పెట్టాడు.

ఆలోచించి చేసింది కాదు. గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాను. "నన్విన్! నన్విన్!" అని అరిచాను. బర్మా భాషలో పసుపు. "కూరలో వేసుకునేది! తింటున్నాను చూడండి!" విభూతి నాలుకకు అంటుకుపోయింది. కర్పూరం గొంతులో మంట పెట్టింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. మింగాను. మళ్ళీ తీసుకుని మళ్ళీ మింగాను. ఓ పక్క దగ్గు. ఆ దగ్గులోనే మావాడు ఎలా ఉన్నాడో అని చూశాను. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

పెద్ద సైనికుడు కాసేపు చూసి పకపకా నవ్వాడు. "ఈ కలావాళ్ళింతే. పెళ్ళికూతురికీ పసుపే, సైకిలు చక్రానికీ పసుపే. పజుండౌంగ్ గుడి ముందు లారీలకు పూస్తుంటే నేను చూడలేదా?" కలా అన్నది ఇక్కడ మాలాంటివాళ్ళను ఎగతాళిగా పిలిచే మాట. చిన్నప్పటి నుంచి ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పూట మాత్రం చల్లగా తగిలింది. మిగతావాళ్ళూ నవ్వారు.

కుర్రవాడు నవ్వలేదు. అందరి ముందూ భయపడ్డవాడు అతనే మరి. దగ్గరికొచ్చి నా చేతిలోని మీటరు వైపు తుపాకీ మొన చూపించాడు.

"వేడి చూపిస్తుందన్నావు. చూపించు."

ముల్లు అట్టడుగున పడి ఉంది. తీగలు మూడూ ఊడిపోయాయి. మళ్ళీ కలపాలి. ఎరుపుకు ఎరుపు, తెలుపుకు తెలుపు, నలుపుకు నలుపు. నలభై ఏళ్ళు పైపులు బిగించిన నా వేళ్ళు తీగ కొసల్ని పట్టుకోలేకపోయాయి. ఎలాగో మెలిపెట్టాను. తాళం తిప్పాలంటే మావాడు లేవాలి. కుర్రవాడు తల ఊపితే మావాడు లేచి, ఒక చెయ్యి తల మీదే ఉంచుకుని, రెండో చేత్తో తాళం తిప్పాడు.

ముల్లు లేవలేదు.

"అబద్ధం చెప్పావా?" అన్నాడు కుర్రవాడు, చాలా నెమ్మదిగా. ఆ నెమ్మది నాకు నచ్చలేదు. మావాడు నా వైపు చూసి తెలుగులో గొణిగాడు. "నాన్నా, నల్లది. నల్లది ఇనుముకి తగల్లేదు." నిజమే. నల్ల తీగ అసలు పోయేది కారు ఇనుములోకి. అక్కడ బిగించిన మర దగ్గర కూడా ఊడింది. తలుపు బందు దగ్గర రంగు పోయి ఇనుము బయటపడ్డ చోట ఆ కొసను అదిమి పట్టుకున్నాను. ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడి, పైకి పోయి, తొంభై దగ్గర నిలబడింది.

కుర్రవాడు మొహం దగ్గరగా పెట్టి చూశాడు. అంత దగ్గర నుంచి చూస్తే అతనికింకా మీసం సరిగా రాలేదు.

"తొంభైయా?"

"తొంభై, బాబూ."

"వందకు మరుగుతుంది కదా?"

"అందుకే చూసుకుంటున్నాం."

మావాడి కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వయసెంతని అడిగాడు. మావాడు చెప్పాడు. కార్డులో రాసే ఉంది, అయినా అడిగాడు. ఇచ్చేశాడు. వెదురు గెడ లేచింది.

మీటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రెండు మలుపులు తిరిగాక మావాడు అన్నాడు:

"నాన్నా, నీకు పైపు తప్ప లోకంలోన ఇంకేటీ దొరకలేదేటి?"

పసుపు నోటితో కిటికీలోంచి ఉమ్మాను. ట్యాంకు చూడ్డానికి వెళ్ళలేదు.

ఇంట్లో దాచలేదు. నాకు దాచడం చేతకాదు. అంతా విన్నాక మా ఆవిడ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత కొంగు తీసి అంది: "అదుండబట్టే ఆ ముసలోడు నవ్వినాడు. అదే కాసింది మనల్ని."

"అదుండబట్టే నేను నడిరోడ్డు మీద బూడిద మేసినాను."

"మేస్తే మేసినావులే. గుంటడు ఇంటికొచ్చినాడు కదా!"

లేచి మళ్ళీ నోరు పుక్కిలించాను.

మావాడు ఇక మీటరే వద్దన్నాడు. నేను కాదనలేకపోయాను, సరే అనలేకపోయాను. మీటరు ఉంటే తనిఖీ దగ్గర భయం. లేకపోతే వంతెన మీద భయం. రెండింట్లో ఏది తక్కువో తూకం వేయడానికి నా దగ్గర త్రాసు లేదు. రెండు రోజులు ఆ ఎర్ర దీపాన్నే నమ్ముకుని తిరిగాడు. ఆ రెండు రోజులూ నేను బాల్కనీలోంచి కదల్లేదు. ప్రతి తెల్ల కారూ వాడిదే అనిపించేది. మూడోనాడు వాడే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఎండలు ముదిరిపోతన్నాయి నాన్నా. ఏదో ఒకటి సెయ్యి. పైపు మాత్రం వొద్దు."

ఈసారి గాజులా కనబడే ప్లాస్టిక్ డబ్బా తీసుకున్నాను. ఇక్కడ ఊరవేసిన తేయాకు అమ్ముతారే, ఆ డబ్బా. అడుగు కోసి మీటరు ఇరికించాను. రంగు వేయలేదు. టేపు చుట్టలేదు. మూడు తీగలూ ఒకదానికొకటి ఎడంగా, ఏ రంగుదో తెలిసేలా పరిచాను. లోపల ఏముందో, ఏమీ లేదో, అడగకముందే కనబడాలి. చూడ్డానికి అసహ్యంగా ఉంది. బండి ఎక్కినవాళ్ళు నవ్వుతారని మావాడు గునిశాడు. నవ్వనీ అన్నాను. మా ఆవిడ డబ్బాను చుట్టూ తిరిగి చూసింది. ఏదో అనబోయి, నా మొహం చూసి లోపలికి పోయింది.

ఆ తరవాత ఏదో ఒక వంక పెట్టుకుని వాడి పక్కన కూర్చుని తిరిగాను. ముసలివాడు పక్కనుంటే బండి కొంచెం మర్యాదగా కనబడుతుందని నా ఆశ. కొన్ని వారాలకు ఒక పని మీద మళ్ళీ ఆ నది పక్క రోడ్డే పట్టాల్సి వచ్చింది. అదే వెదురు గెడ. అదే కుర్రవాడు. అద్దం దించాను. వంగి చూసి, నన్ను చూసి, డబ్బాను చూశాడు.

"ఉలే," అన్నాడు, బాబాయ్ అన్నట్టు. "ఇవాళ ఎంత?"

"ఎనభై అయిదు."

"బాగుంది." నిజంగానే సంతోషంగా ఉన్నాడు. దూరపు ఊరివాడై ఉంటాడు. రోజంతా ఎండలో నిలబడేవాడికి తెలిసిన మొహం కనబడితే అంతే. తరవాత చూపు మావాడి మీదికి మళ్ళింది. నవ్వు అలాగే ఉంది.

"అన్నా, నీ వయసెంతన్నావు ఆ రోజు?"

మావాడు చెప్పాడు.

"అలా కనబడవే. ఇంకా చిన్నగా ఉన్నావు." కారు కప్పు మీద చేత్తో రెండుసార్లు తట్టి పొమ్మన్నాడు.

రోడ్డు చివరికి వచ్చాక మావాడు అన్నాడు: "సూసినావా నాన్నా, మనల్ని గుర్తెట్టుకున్నాడు. ఇంక బయం లేదు."

నేను వెనక్కి తిరిగి వెదురు గెడ వైపు చూశాను. ఇన్నాళ్ళూ నేను పడ్డ పాటంతా వాణ్ణి ఎవరూ గుర్తు పెట్టుకోకూడదనే. ఆ కుర్రవాడికి మా మీద పగ లేదు. పైవాళ్ళు ఒకరోజు మనుషుల్ని తెమ్మంటే, పగ లేకపోయినా, ముందు గుర్తొచ్చేది తెలిసిన మొహమే కదా.

ఇంటికి చేరాక నా భయం మావాడికి చెప్పాను. మొదట నవ్వాడు, తరవాత నవ్వు ఆపాడు.

మర్నాటి నుంచి ఆ రోడ్డు మానేశాం. పజుండౌంగ్ సందుల్లోంచి చుట్టు తిరిగి పోతున్నాం. దూరం ఎక్కువ. సైకిల్‌రిక్షాల వెనక, బస్సుల వెనక అంగుళం అంగుళం పాకాలి. గాలి తగలక ఇంజను ఉడికిపోతుంది. ముల్లు తొంభై దాటుతుంది, తొంభై అయిదుకు పోతుంది. అప్పుడు అద్దాలు దించి, చలికాలంలో వాడే వేడిగాలి పూర్తిగా తిప్పి పెడతాం. ఇంజను వేడి మా మీదికి వస్తుంది. తండ్రీ కొడుకులం చెమటతో ముద్దయిపోయి కూర్చుంటాం. ఎక్కినవాళ్ళు తిట్టి దిగిపోతారు. దిగిపోనీ. ముల్లు కొద్దికొద్దిగా దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఎక్కనీ.